పాత పికప్ బండిలో ప్లాస్టిక్ ట్రిమ్ విప్పడం, మళ్లీ బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, జనగామ, కరీంనగర్, జగిత్యాల వైపు పత్తి, మిర్చి, వడ్లు మోసే పాత పికప్‌లలో ఇంజిన్, చాసిస్ ఇంకా గట్టిగానే ఉంటాయి. డోర్ లోపలి వైపు కప్పే డోర్ ప్యాడ్‌లు మాత్రం ఊగుతుంటాయి, టైరు పైనుండే ఫ్లేర్‌లను తీగతో కట్టి ఉంచుతారు, డాష్‌బోర్డు మూల పైకి లేచి ఉంటుంది. ఇలా రేకును కప్పే ప్లాస్టిక్ ముక్కలనే ట్రిమ్ అంటారు. వీటిలో చాలావరకు వయసు మీద పడి పాడైనవి కావు, ఎవరో ఒకసారి తొందరలో విప్పి సరిగ్గా బిగించకపోవడంతో పాడైనవి. బొలెరో పికప్, బొలెరో క్యాంపర్, టాటా 207, జినాన్ లాంటి బండ్లున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే వాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్తాను: ముక్కను రేకుకు పట్టి ఉంచే క్లిప్పు పోతే పోనివ్వండి, ముక్కను మాత్రం కాపాడుకోండి. క్లిప్పు కొన్ని రూపాయలకే వస్తుంది. పదిహేనేళ్ల నాటి బండికి డోర్ ప్యాడ్ కావాలంటే ఊళ్లు తిరగాలి.

ప్లాస్టిక్ ముక్కలు అందం కోసమే కదా, వాటిని విప్పి చూడాల్సిన అవసరం ఏముంది?

ఆ ముక్కల వెనకే అసలు పని ఉంటుంది. అద్దం పైకి కిందికి తిప్పే రెగ్యులేటర్, డోర్ లాక్ కడ్డీలు, స్పీకర్ వైర్లు, నీళ్లు బయటికి పోయే దారులు అన్నీ డోర్ ప్యాడ్ వెనకే ఉంటాయి. ఫ్లేర్ వెనక బురద పేరుకుని రేకు తుప్పు పడుతుంటే బయటి నుంచి ఏమీ కనిపించదు. పెయింట్ బుడగలా లేచేసరికి లోపల రేకును తుప్పు సగం తినేసి ఉంటుంది. అందుకే వానాకాలం ముందు ఒకసారి, కోతలు అయిపోయాక ఒకసారి కనీసం ఫ్లేర్‌లైనా విప్పి కడగమని చెప్తాను.

ఏమేం పనిముట్లు ఉండాలి?

పెద్దది, చిన్నది రెండు స్టార్ స్క్రూడ్రైవర్లు, 8, 10 నంబర్ పానాలు, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ సెట్టు, మాస్కింగ్ టేపు, స్క్రూలు వేసుకోవడానికి గిన్నెలు. ట్రిమ్ టూల్ దొరక్కపోతే గట్టి వెదురు బద్దను అంచు పలచగా చెక్కి వాడుకోవచ్చు. బాగా పనికొస్తుంది, పెయింట్ గీసుకుపోదు. ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టి లేపడం మాత్రం వద్దు. దాని మొన బలమంతా ఒకే చోట పడుతుంది, ప్లాస్టిక్ అక్కడే తెల్లబడి చీలుతుంది. తప్పనిసరైతే మొనకు రెండు మూడు చుట్లు టేపు వేసి, ఆనించే చోట బట్ట మడతపెట్టి వాడండి.

ఫోన్ కూడా పనిముట్టే. ప్రతి ముక్క విప్పే ముందు, విప్పిన తర్వాత ఒక ఫోటో తీసిపెట్టుకోండి.

ఏ వేళలో చేస్తే మంచిది?

ఇది చాలామంది పట్టించుకోని విషయం. సగం ముక్కలు విరిగేది దీనివల్లే. బండ్లలో ఎక్కువగా వాడే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ చలికి పెళుసెక్కుతుంది. దానికి తోడు ఏళ్ల తరబడి ఎండ తగిలి ఉంటే ఇంకా పెళుసు. ఆదిలాబాద్, నిర్మల్ వైపు డిసెంబర్, జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. ఆ చలిలో క్లిప్పు గుంజితే క్లిప్పుతో పాటు అది కూర్చునే గూడు కూడా ఊడొస్తుంది. బండిని ఒక గంట ఎండలో పెట్టి తర్వాత మొదలుపెట్టండి. టైమ్ లేకపోతే జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో క్లిప్పున్న చోట కాస్త వెచ్చబెట్టినా సరిపోతుంది.

మే నెల మధ్యాహ్నం సంగతి దీనికి పూర్తిగా వేరు. రామగుండంలో బయట 45 డిగ్రీలుంటే, అద్దాలు మూసి ఎండలో నిలిపిన క్యాబిన్‌లో 60 దాటుతుంది. అప్పుడు పొడవాటి ముక్కలు మెత్తబడి ఉంటాయి. ఒక చివర పట్టుకుని లాగితే వంగిపోయి, చల్లారాక ఆ వంకరతోనే ఉండిపోతాయి. ఎండాకాలంలో పొద్దున ఏడెనిమిది గంటలప్పుడు, నీడలో పని పెట్టుకోండి.

ఎంత గుంజినా రావడం లేదు. ఇంకా గట్టిగా గుంజాలా?

గుంజకండి, ఆగండి. రావడం లేదంటే ఎక్కడో ఒక స్క్రూ ఇంకా ఉందని అర్థం. స్క్రూలు దాక్కునే చోట్లు దాదాపు అన్ని బండ్లలో అవే: చేత్తో పట్టుకునే హ్యాండిల్ లోపల చిన్న మూత కింద, లోపలి లాక్ హ్యాండిల్ చుట్టూ ఉండే గిన్నెలాంటి ముక్కలో, డోర్ పాకెట్ అడుగున, సైడ్ అద్దం దగ్గరి మూడు మూలల ముక్క కింద. పాత బండికి ముందు యజమాని అదనంగా కొట్టిన స్క్రూలు కూడా ఉంటాయి. సీటు కవర్ కిందో, స్పీకర్ జాలీ వెనకో తలలు కనిపిస్తాయి. టార్చి పక్కవాటుగా పట్టుకుని చూస్తే గుంతల నీడ పడి తేలిగ్గా తెలుస్తుంది.

డోర్ ప్యాడ్ విప్పే పద్ధతి వివరంగా చెప్తారా?

ముందుగా అద్దం పూర్తిగా పైకి ఎక్కించండి. అద్దం తిప్పే హ్యాండిల్ ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీయండి. కొన్ని బండ్లలో హ్యాండిల్ మధ్యలో మూత కింద స్క్రూ ఉంటుంది, అది విప్పితే వచ్చేస్తుంది. స్క్రూ లేకపోతే హ్యాండిల్ వెనక గుర్రపు నాడా ఆకారంలో స్ప్రింగ్ తీగ లాక్ ఉంటుంది. దానికి పాత నూలు బట్ట చాలు. హ్యాండిల్‌కు, ప్యాడ్‌కు మధ్య ఉన్న సందులోకి బట్ట పేలికను దూర్చి, రెండు కొనలు రెండు చేతులతో పట్టుకుని, కవ్వం తాడు లాగినట్టు అటూ ఇటూ లాగుతూ పైకి ఎత్తండి. బట్ట అంచు ఆ లాక్ కొనకు తగులుకుని దాన్ని బయటికి తోస్తుంది. టక్కుమని ఎగిరిపోతుంది కాబట్టి రెండో మనిషి ఎదురుగా చెయ్యి అడ్డం పెట్టాలి. గడ్డిలో పడితే దొరకదు.

తర్వాత కనిపించే స్క్రూలన్నీ విప్పండి. ఇప్పుడు ప్యాడ్ అడుగు మూల నుంచి మొదలుపెట్టాలి. వేలు పట్టేంత సందు చేసి లోపలికి టార్చి కొట్టి మొదటి క్లిప్పు ఎక్కడుందో చూడండి. టూల్‌ను సరిగ్గా క్లిప్పు కాడ పక్కనే ఆనించి లేపాలి. రెండు క్లిప్పుల మధ్య లేపితే ప్యాడ్ వంగుతుంది, క్లిప్పు మాత్రం కదలదు. ఒకటి వచ్చాక దాని పక్కది, తర్వాత దాని పక్కది. కింది వరస, రెండు పక్కలు అయిపోయాక చాలా బండ్లలో పై అంచు అద్దం గాడిలో కొక్కెంలా తగులుకుని ఉంటుంది. అక్కడ బయటికి గుంజకుండా నిలువుగా పైకి ఎత్తాలి.

ప్యాడ్ చేతికి రాగానే దూరంగా లాగకండి. వెనక స్పీకర్ వైరు, పవర్ విండో స్విచ్ వైరు, లాక్ కడ్డీ ఉండొచ్చు. కనెక్టర్‌ను దాని నాలుక నొక్కి విప్పాలి, వైరు పట్టుకుని గుంజకూడదు.

మిర్చి బండి అయితే ముక్కుకు గుడ్డ, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఎనుమాముల మార్కెట్‌కు తేజ, చపాటా బస్తాలు మోసిన బండి ప్యాడ్ విప్పగానే ఏళ్ల నాటి ఎర్రటి పొడి, గింజలు ఒడిలోకి రాలతాయి. ఫ్యాన్ కానీ, గాలి కొట్టే పైపు కానీ పెట్టారంటే షెడ్డంతా దగ్గులే. తడిబట్టతో తుడిచి తీయండి. చేతులు సబ్బుతో కడుక్కునే దాకా ముఖం ముట్టుకోవద్దు.

ప్యాడ్ వెనక ప్లాస్టిక్ కాగితం అతికించి ఉంది. అది చింపేయొచ్చా?

చింపొద్దు. వాన పడ్డప్పుడు అద్దం పక్క రబ్బరు బీడింగ్ దాటి కొన్ని నీళ్లు డోర్ కడుపులోకి దిగడం మామూలే, బండిని తయారు చేసినవాళ్లకు అది తెలుసు. ఆ నీళ్లు డోర్ అడుగున ఉన్న రంధ్రాల నుంచి బయటికి పోవాలి. క్యాబిన్ వైపు రాకుండా ఆపేది ఈ కాగితమే. అది లేకపోతే నీళ్లు ప్యాడ్‌కు తగిలి, అందులో అట్ట ఉంటే ఉబ్బి, చివరికి కాళ్ల కింది మ్యాట్ కిందకి చేరతాయి. ఫ్లోరు రేకు అక్కడి నుంచే తుప్పు పడుతుంది.

నల్లటి బంక మెత్తగా ఉంటే కాగితాన్ని మెల్లగా ఒలిచి, పని అయ్యాక అదే బంక మీద నొక్కితే మళ్లీ అంటుకుంటుంది. బంకకు దుమ్ము పట్టకుండా చూసుకోండి. ఎండిపోయి ఉంటే అలాంటి బంకతోనే వచ్చే బ్యుటైల్ టేపు తెచ్చి చుట్టూ వేయండి. కాగితం చినిగిపోయి ఉంటే మందపాటి పాలిథీన్ కవర్‌ను అదే కొలతకు కోయొచ్చు. కింది అంచు మాత్రం డోర్ లోపలికి, రంధ్రాల వైపు పోయేలా దూర్చాలి. ఇక్కడ సిలికాన్ వాడాలనుకుంటే ముందు వాసన చూడండి. వెనిగర్ వాసన వచ్చే రకం రేకును తుప్పు పట్టిస్తుంది.

డోర్ తెరిచిన చేత్తోనే అడుగు రంధ్రాల్లో సన్నటి తీగ పెట్టి కెలకండి. పత్తి నూగు, ఎర్రమట్టి, వడ్ల పొట్టు కలిసి గట్టి ముద్దలా అక్కడ కూర్చుంటాయి. డోర్ వేసినప్పుడు లోపల నీళ్లు గలగలమంటున్నాయంటే ఆ రంధ్రాలు మూసుకుపోయాయన్నమాట.

క్లిప్పులు విరిగాయి. కొత్తవి ఎలా ఎంచుకోవాలి?

విరిగిన క్లిప్పును, కుదిరితే ఒక మంచి క్లిప్పును కూడా వెంట తీసుకెళ్లండి. చూడాల్సినవి మూడు: రేకులో రంధ్రం వెడల్పు, క్లిప్పు కాడ పొడవు, ప్యాడ్ గూట్లో కూర్చునే తల వెడల్పు. రంధ్రాలు ఎక్కువగా 6 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. కొలిచే సాధనం లేకపోతే డ్రిల్ బిట్లు ఒక్కొక్కటి పెట్టి చూడండి, బిగుతుగా దూరిన బిట్టు నంబరే రంధ్రం కొలత.

కాస్త లావు క్లిప్పు తెచ్చి సుత్తితో కొట్టి దించే అలవాటు కొందరికి ఉంది. అది మళ్లీ బయటికి రాదు, వస్తే గూడు పగులుతుంది. రంధ్రాన్ని పెద్దది చేయడం ఇంకా చెడ్డది, పెయింట్ పోయిన అంచు నుంచి తుప్పు మొదలవుతుంది. రంధ్రం చుట్టూ పచ్చి రేకు కనిపిస్తే ప్రైమర్, పెయింట్ చిన్న బ్రష్‌తో అద్ది ఆరనిచ్చాకే క్లిప్పు పెట్టండి. పాత క్లిప్పులకు రబ్బరు వాషర్ ఉంటే కొత్తవి కూడా వాషర్ ఉన్నవే తీసుకోండి, అది నీళ్లు ఆపడానికి పెట్టింది.

క్లిప్పుల గొడవ ఎందుకు, నాలుగు స్క్రూలు కొట్టేస్తే పోదా?

పోదు. ముందుగా, డోర్‌లో స్క్రూ వెనక ఏముందో మీకు కనిపించదు. అద్దం కిందికి దిగే దారిలో స్క్రూ మొన ఉంటే అద్దం గీసుకుపోతుంది, లేదా పగులుతుంది. వైరుకు తగిలితే ఫ్యూజు పోతుంది.

రెండోది ప్లాస్టిక్ గుణం. ఉక్కుతో పోలిస్తే పాలీప్రొపిలీన్ వేడికి దాదాపు పది రెట్లు ఎక్కువ సాగుతుంది. మీటరు పొడవున్న ముక్క, చలికాలం పొద్దుటికీ ఎండాకాలం మధ్యాహ్నానికీ 40 డిగ్రీల తేడా ఉంటే, రకాన్ని బట్టి మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. కింద రేకు అర మిల్లీమీటరు కూడా పెరగదు. క్లిప్పు ఆ కదలికకు చోటు ఇస్తుంది. బిగించి కొట్టిన స్క్రూ ఇవ్వదు, అందుకే స్క్రూ చుట్టూ నక్షత్రంలా పగుళ్లు కనిపిస్తాయి. కంపెనీ ఇచ్చిన రంధ్రాలు కొన్ని కోలగా ఉండేది కూడా ఇందుకే.

క్లిప్పు గూడు పూర్తిగా పోయి స్క్రూ తప్ప దారి లేకపోతే, వెనక ఖాళీ ఉందని చూసుకుని, ప్లాస్టిక్‌లో రంధ్రం స్క్రూ కంటే రెండు మిల్లీమీటర్లు పెద్దగా చేసి, వెడల్పు వాషర్ వేసి, ముక్క కదిలేంత వదులుగా బిగించండి.

ముక్క పగిలింది. ఫెవిక్విక్‌తో అతుకుతుందా?

అది ఏ ప్లాస్టిక్ అన్నదాన్ని బట్టి. ముక్క వెనక వైపు చూడండి, చిన్న ఇంగ్లీష్ అక్షరాలు అచ్చు పోసి ఉంటాయి. ఏబీఎస్ అని ఉంటే అతుకుతుంది. పీపీ అని ఉంటే, అంటే పైన చెప్పిన పాలీప్రొపిలీన్ అయితే, మామూలు జిగురు ఏదీ నిలవదు. కాసేపు పట్టుకున్నట్టు ఉంటుంది, మొదటి గుంత రోడ్డుకే ఊడిపోతుంది. ఎమ్‌సీల్ అయినా, అరాల్డైట్ అయినా పీపీ మీద అంతే.

ఏబీఎస్‌కు మంచి ఉపాయం ఉంది. అదే రకం ప్లాస్టిక్ తునకలు చిన్న సీసాలో వేసి అసిటోన్ పోస్తే కరిగి చిక్కటి పేస్టు అవుతుంది. పగులు వెనక వైపు పూసి, పైన సన్నటి జాలీ గుడ్డ పరిచి, మళ్లీ పూయాలి. ఒక రోజంతా ఆరాక పగులు దాదాపు ఒకటే ముక్క అయిపోతుంది. అసిటోన్ తొందరగా అంటుకుంటుంది, దగ్గర్లో బీడీ, పొయ్యి ఏదీ ఉండకూడదు. ఏబీఎస్ ముక్క ముఖం మీద అసిటోన్, థిన్నర్, పెట్రోల్ పడితే నునుపు పోయి మచ్చ పడుతుంది, అది మళ్లీ రాదు.

పీపీ ముక్కను కరిగించి అతకాలి. సోల్డరింగ్ ఐరన్‌తో వెనక వైపు సన్నటి స్టీల్ జాలీ ముక్కను ప్లాస్టిక్‌లోకి కరిగేలా నొక్కి, పైన అదే రకం ప్లాస్టిక్ పుల్లను కరిగించి కప్పాలి. వరండాలోనో చెట్టు కిందో చేయండి, ఆ పొగ పీల్చకూడదు. పని చూడటానికి మొరటుగా ఉన్నా వెనక వైపే కదా, గట్టిగా నిలుస్తుంది.

టైరు పైనుండే ఫ్లేర్ స్క్రూలు తుప్పు పట్టి తిరగడం లేదు.

ముందు నీళ్లతో బురద కడగండి. స్క్రూ తలలో గాడి నిండా మట్టి ఉంటే స్క్రూడ్రైవర్ జారి తల అరిగిపోతుంది, సూదితో గాడి శుభ్రం చేయండి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున మొదట బిగించే వైపు కొద్దిగా తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పండి. ప్లాస్టిక్ మీద మంట పెట్టే ఆలోచన వద్దు.

నాట్ల సీజన్‌లో ట్రాక్టర్లు పొలం నుంచి తారు రోడ్డు మీదికి తెచ్చే బురద మన బండి ఫ్లేర్ వెనక చేరి, దసరా దాకా తడిగానే ఉంటుంది. విప్పాక రేకును తీగ బ్రష్‌తో గీకి, తుప్పు మార్చే ద్రావణం పూసి, ప్రైమర్, పెయింట్ వేయండి. పాత స్క్రూలు, అవి దిగే రేకు మడత నట్లు (రేకు అంచుకు తొడిగే నట్లు) మళ్లీ వాడకండి. కొత్తవి స్టీలువి లేదా జింకు పూతవి వేసి, మరలకు కొంచెం గ్రీజు రాయండి. వచ్చే ఏడాది విప్పేవాళ్లకు పని తేలికవుతుంది.

డబుల్ టేపుతో అంటించిన సైడ్ బీడింగ్ ఎలా తీయాలి, ఎలా పెట్టాలి?

డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, చేపల గాలానికి వాడే నైలాన్ దారాన్ని బీడింగ్ వెనక రంపంలా లాగుతూ పోండి. మిగిలిన జిగురును బొటనవేలితో దొర్లించి, తర్వాత తుడవండి. పెట్టేటప్పుడు నిర్ణయించేది టేపు కంటే శుభ్రతే. షాంపూ నీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తర్వాత ఆ చోట వేలు పెట్టకండి. టేపు పూర్తి పట్టు రావడానికి మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా బండిని ప్రెషర్ వాటర్‌తో కడిగించకండి.

డాష్‌బోర్డు, స్టీరింగ్ చుట్టూ ఉండే ముక్కలు సొంతంగా విప్పొచ్చా?

స్టీరింగ్ మీద ఎస్‌ఆర్‌ఎస్ లేదా ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే ఆ చుట్టుపక్కల ముట్టుకోకండి, తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి. లేని పాత బండ్లలో విప్పొచ్చు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి మొదలుపెట్టండి. మీటర్ వెనక కేబుల్ ఉంటే లాక్ నొక్కి తీయాలి. ఇక్కడి స్క్రూలు ఒకేలా కనిపించినా పొడవులు వేరు. పొడవాటిది పొట్టిదాని చోట వేస్తే ముందు వైపు పొడుచుకొస్తుంది. ఏ స్క్రూ ఎక్కడిదో అట్టముక్క మీద బొమ్మ గీసి, అక్కడే గుచ్చి ఉంచుకోండి.

బిగించాక గడగడ శబ్దం వస్తోంది.

బిగించే క్రమం చూడండి. ముందు పై కొక్కెం గాడిలో కూర్చోవాలి, తర్వాత క్లిప్పులన్నీ రంధ్రాలకు ఎదురుగా ఉన్నాయో లేదో చూసి అరచేత్తో కొట్టాలి, చివర్లో స్క్రూలు. స్క్రూలు ముందు బిగిస్తే క్లిప్పులు వంకరగా దిగుతాయి. అన్నీ సరిగ్గా ఉన్నా శబ్దం వస్తే ప్లాస్టిక్, రేకు రాసుకునే చోట ఫెల్ట్ టేపు (మెత్తటి గుడ్డలాంటి టేపు) వేయండి. లాక్ కడ్డీలకు ఉండే చిన్న ప్లాస్టిక్ పట్టీ ఊడినా ఇదే శబ్దం వస్తుంది.

ప్యాడ్ పూర్తిగా మూయకముందే అద్దం ఒకసారి కిందికీ పైకీ తిప్పండి. లాక్‌ను డోర్ తెరిచి ఉంచే వేసి తీసి చూడండి. డోర్ వేశాక లాక్ పట్టేస్తే లోపలికి పోవడం పెద్ద టెన్షన్.

వెలిసిపోయిన నల్ల ప్లాస్టిక్‌కు డీజిల్ రుద్దితే మెరుస్తుంది కదా?

ఆ పూటకు మెరుస్తుంది. తర్వాత దుమ్మంతా దానికే అంటుకుంటుంది, పక్కనున్న రబ్బరు బీడింగ్ ఉబ్బి వదులవుతుంది. ప్లాస్టిక్ కోసమే వచ్చే డ్రెస్సింగ్ వాడండి. పెయింట్ వేయాలనుకుంటే ప్లాస్టిక్ ప్రైమర్ లేకుండా వేయకండి, పొట్టులా లేస్తుంది.

పాత ముక్కలు ఎక్కడ దొరుకుతాయి?

వరంగల్‌లో అయితే ఆటోనగర్ వైపు, లేదా తుక్కు బండ్లు విప్పే దుకాణాల్లో చూడాలి. మీ ముక్క ఎంత పగిలినా పారేయకుండా వెంట తీసుకెళ్లండి. వెనక పార్ట్ నంబర్ ఉంటుంది. ఎడమ, కుడి ముక్కలు వేరు. ఒకే పేరుతో వచ్చిన బండ్లలో కూడా ఏడాదిని బట్టి క్లిప్పుల చోట్లు మారతాయి. రెండు ముక్కలు వెనకకు వెనక ఆనించి, గూళ్లు ఒకదానికొకటి ఎదురుగా వస్తున్నాయో చూసుకున్నాకే డబ్బులివ్వండి.

ఫిట్‌నెస్‌కు వెళ్లేటప్పుడు ట్రిమ్ లేకపోతే ఇబ్బందా?

8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అక్కడ చూసేది లైట్లు, బ్రేకులు, అద్దాలు, వైపర్లు, రిఫ్లెక్టర్ టేపు లాంటివి. ట్రిమ్‌తో పాటు రిఫ్లెక్టరో, ఇండికేటరో తీసి ఉంటే వాటిని ముందు పెట్టించండి. వదులుగా వేలాడుతున్న ముక్క, పదునైన అంచు ఉంటే అవీ సరిచేసుకుని వెళ్లండి.

ప్యాడ్ వెనక ఎలుకల గూడు కనిపించింది. ఏం చేయాలి?

వడ్లు, మొక్కజొన్న మోసే బండ్లలో ఇది మామూలే. పొడిగా ఉన్నప్పుడు ఊడవకండి, ఎలుకల మూత్రం, పెంట నుంచి జబ్బులు వస్తాయి. చేతికి గ్లవ్స్, ముక్కుకు మాస్కు వేసుకుని, బ్లీచింగ్ కలిపిన నీళ్లు చల్లి కాసేపు నాననిచ్చి, బట్టతో ఎత్తి కవర్‌లో కట్టి పారేయండి. బ్లీచింగ్ నీళ్లు రేకు మీద నిలవ ఉండకుండా మంచినీళ్లతో తుడవాలి.

తర్వాత వైర్లు ఒక్కొక్కటి వేళ్లతో తడిమి చూడండి. పైతొడుగు కొరికేసి రాగి కనిపిస్తే బ్యాటరీ నెగెటివ్ తీసి, ఎలక్ట్రీషియన్‌తో సోల్డర్ చేయించి, వేడికి ముడుచుకునే గొట్టం వేయించండి. మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే మన ఎండకు జిగురు కారి, ఒక్క ఎండాకాలం గడిచేసరికి విడిపోతుంది.